పేర్లు పోయిన ప్యాకేజీ ఫైళ్లు: హ్యాష్ పట్టుకుని ఏది ఏదో తేల్చడం ఎలా?

కడప_కుర్రోడు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా కాలేజీ ల్యాబ్‌లో ఒక పాత సర్వర్ ఉండేది. నెట్ సరిగా రాని రోజుల్లో ఉబుంటు, డెబియన్ ప్యాకేజీలు, విండోస్ డ్రైవర్లు, జావా లైబ్రరీలు, ఎవరికి ఏది దొరికితే అది అందులో పడేసేవారు. ఈ మధ్య దాని పార్టిషన్ టేబుల్ (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) పోయింది. ఫొటోరెక్ అనే రికవరీ టూల్‌తో లాగితే ఫైళ్లు చాలావరకు వచ్చాయి గానీ పేర్లు రాలేదు. అన్నిటికీ ముందు ఎఫ్, వెనక ఒక పొడుగాటి నంబరు, చివర డెబ్ అనో ఎక్జీ అనో జార్ అనో ఎక్స్‌టెన్షన్. వేలల్లో ఉన్నాయి.

"పనికొచ్చేవి ఉంచు, అనుమానంగా ఉన్నవి తీసెయ్" అన్నారు మా హెచ్‌ఓడీ సార్. ఏది పనికొచ్చేదో తెలియాలంటే ముందు అది ఏమిటో తెలియాలి కదా. హ్యాష్ (ఫైలులోని బైట్లన్నీ లెక్కకట్టి తీసే వేలిముద్ర లాంటి నంబరు) తీసి వెతికితే ఫలానా సాఫ్ట్‌వేర్, ఫలానా వెర్షన్ అని తెలుస్తుందని విన్నాను. ఎక్కడ వెతకాలి?

ఇంకో టెన్షన్ కూడా ఉంది. అన్నిటికీ ఎండీ5 అనే పద్ధతిలో హ్యాష్ తీస్తే వందల ఫైళ్లకు ఒకటే హ్యాష్ వచ్చింది. డీ41డీ8సీడీ98 అని మొదలవుతుంది. దాన్ని గూగుల్‌లో కొడితే మాల్‌వేర్ రిపోర్టుల్లో బోలెడు చోట్ల కనబడుతోంది. డిస్కంతా వైరసేనా?

వైజాగ్_సుబ్బు | సోమవారం, రాత్రి 9:20

అన్నా, డిస్క్ పట్టుకుని ఆర్కే బీచ్‌కి వచ్చెయ్. సముద్రంలో కలిపేద్దాం. 😀

డెబియన్_దాసు | సోమవారం, రాత్రి 9:31

సుబ్బూ, ఆగు. తమ్ముడూ, నువ్వు భయపడాల్సింది ఏమీ లేదు. అది ఖాళీ ఫైలు ఎండీ5. లోపల ఒక్క బైటు కూడా లేని ఏ ఫైలుకైనా, ఏ మెషీన్‌లో తీసినా, ఆ హ్యాషే వస్తుంది. డీ41డీ8సీడీ98తో మొదలై 427ఈతో ముగుస్తుంది, చూసుకో. షా-1 అనే ఇంకో పద్ధతిలో అయితే ఖాళీ ఫైలుది డీఏ39ఏ3ఈఈ అని, షా-256లో ఈ3బీ0సీ442 అని మొదలవుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లకి ఇవి కంఠస్థం.

మాల్‌వేర్ రిపోర్టుల్లో ఎందుకుందంటే, వైరస్‌లు కూడా నడిచేటప్పుడు ఖాళీ ఫైళ్లు తయారు చేస్తాయి. రిపోర్ట్ రాసే టూల్ వాటి హ్యాష్‌లు కూడా లిస్టులో పెట్టేస్తుంది. ఒకసారి సైజు కాలమ్ చూసి చెప్పు. సున్నా ఉంటుంది.

కడప_కుర్రోడు | సోమవారం, రాత్రి 9:44

నిజమే అన్నా, అన్నీ సున్నా బైట్లే. రికవర్ అయినవి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసేటప్పుడు మధ్యలో డ్రైవ్ నిండిపోయింది. అప్పుడు పేరు మాత్రం పడి లోపల ఏమీ రాలేదన్నమాట. థాంక్స్. మళ్లీ కాపీ చేస్తాను.

లత_ఫోరెన్సిక్స్ | సోమవారం, రాత్రి 10:15

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు డిజిటల్ ఫోరెన్సిక్స్ ల్యాబ్‌లో పనిచేస్తాను. మా పనిలో మొదటి మెట్టే ఇది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఒక కంప్యూటర్ మా దగ్గరికి వస్తే అందులో లక్షల ఫైళ్లుంటాయి. వాటిలో ఎక్కువ భాగం విండోస్‌తోనో ఆఫీస్‌తోనో వచ్చినవే. అవి తెరిచి చూడటం టైమ్ దండగ. అందుకని అమెరికాలో నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థ నేషనల్ సాఫ్ట్‌వేర్ రిఫరెన్స్ లైబ్రరీ అని ఒకటి నడుపుతుంది. క్లుప్తంగా ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్ అంటాం. వాళ్లు సాఫ్ట్‌వేర్‌ను సీడీల దగ్గర నుంచి ఆన్‌లైన్ డౌన్‌లోడ్‌ల దాకా సేకరించి, లోపలి ప్రతి ఫైలునూ విప్పి, హ్యాష్ తీసి, ఏ ప్రోడక్ట్, ఏ వెర్షన్, ఎవరు తయారుచేశారు అని రాసి ఉచితంగా ఇస్తారు. మూడు నెలలకోసారి కొత్త విడుదల వస్తుంది. పాతకాలం సాఫ్ట్‌వేర్‌కి లెగసీ సెట్ విడిగా ఉంటుంది, నీకు అదే ఎక్కువ పనికొస్తుంది. ఇప్పుడు ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌గా ఇస్తున్నారు. విప్పితే పదుల గిగాబైట్లు దాటుతుంది, డిస్క్‌లో చోటు చూసుకుని దించు. ఆటాప్సీ అనే ఉచిత టూల్ దీన్ని వాడుకుంటుంది.

ఒక్క విషయం మాత్రం బాగా గుర్తుపెట్టుకో. ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్‌లో ఉందంటే "ఇది ఫలానా ఫైలు" అని మాత్రమే అర్థం. "ఇది మంచి ఫైలు" అని కాదు. హ్యాకింగ్ టూల్స్ హ్యాష్‌లు కూడా అందులో ఉంటాయి, ఎందుకంటే అవీ బజారులో దొరికిన సాఫ్ట్‌వేరే. కొత్తగా చేరిన పిల్లలు లిస్టులో దొరికిన ప్రతిదాన్నీ "సేఫ్" అని మార్క్ చేసి దాటేస్తుంటారు. మా ల్యాబ్‌లో ఆ పదమే వాడొద్దని చెప్తాం.

కడప_కుర్రోడు | సోమవారం, రాత్రి 10:28

చాలా థాంక్స్ మేడమ్. అంత పెద్ద డేటాబేస్ దించడానికి మా నెట్ సరిపోదేమో. ఒక్కో హ్యాష్ ఆన్‌లైన్‌లో వెతుక్కునే దారి ఉందా?

లత_ఫోరెన్సిక్స్ | సోమవారం, రాత్రి 10:40

ఉంది. లక్సెంబర్గ్‌లో సర్కిల్ అనే సంస్థ హ్యాష్‌లుకప్ అని ఒక ఉచిత సర్వీస్ నడుపుతుంది. అందులో ఎన్‌ఎస్‌ఆర్‌ఎల్‌తో పాటు లినక్స్ డిస్ట్రిబ్యూషన్ల ప్యాకేజీ ఫైళ్ల హ్యాష్‌లు కూడా కలిపారు. ఎండీ5, షా-1, షా-256 ఏది ఇచ్చినా చూస్తుంది. చిన్న స్క్రిప్ట్ రాసి ఒకేసారి చాలా హ్యాష్‌లు పంపొచ్చు.

అదంతా ఆఫ్‌లైన్‌లో కావాలంటే బ్లూమ్ ఫిల్టర్ ఫైలు ఇస్తారు. అసలు డేటాబేస్‌తో పోలిస్తే చాలా చిన్నది. అది "లేదు" అంటే కచ్చితంగా లేనట్టే. "ఉంది" అంటే ఎప్పుడో ఒకసారి పొరపాటు పడొచ్చు. పైగా ఉందో లేదో చెప్తుంది గానీ పేరు చెప్పదు. జల్లెడ పట్టడానికి అది, పేరు కోసం ఆన్‌లైన్.

మేం మాత్రం కేసు ఫైళ్ల హ్యాష్‌లు ఆన్‌లైన్‌లో అడగం. ఫలానా ఫైలు మన దగ్గరుందని బయటివాళ్లకి చెప్పినట్టే అవుతుంది. కాలేజీ డిస్క్‌కి ఆ బాధ లేదనుకో.

డెబియన్_దాసు | సోమవారం, రాత్రి 11:05

డెబ్ ఫైళ్లకి హ్యాష్ దాకా ఎందుకు పోతావు తమ్ముడూ? ముందు ఫైలునే అడుగు. డీపీకేజీ-డెబ్ కమాండ్‌కి ఇన్ఫో ఆప్షన్ ఇస్తే ప్యాకేజీ పేరు, వెర్షన్, ఆర్కిటెక్చర్ అన్నీ కక్కేస్తుంది. రెడ్‌హ్యాట్ వైపు ఆర్‌పీఎం ఫైలైతే ఆర్‌పీఎం కమాండ్‌తో అదే పని. చిన్న స్క్రిప్ట్‌తో పేర్లన్నీ తిరిగి పెట్టేయొచ్చు.

అయితే అది ఫైలు తన గురించి తాను చెప్పుకున్న మాట. ఎవరో లోపల ఏదో కలిపి మళ్లీ ప్యాక్ చేసినా పేరు అదే చెప్తుంది. బయటి సాక్ష్యం కావాలి, హ్యాష్ అక్కడ కావాలి. దానికి డెబియన్‌లో మంచి ఏర్పాటు ఉంది. ప్రతి విడుదలకీ ప్యాకేజెస్ అనే ఇండెక్స్ ఫైలుంటుంది. అందులో ప్రతి డెబ్ ఫైలు పేరు, సైజు, హ్యాష్ రాసి ఉంటాయి. ఆ ఇండెక్స్ హ్యాష్ రిలీజ్ అనే ఇంకో ఫైల్లో ఉంటుంది. ఆ రిలీజ్ ఫైలుకి జీపీజీ అనే డిజిటల్ సంతకం ఉంటుంది. ఒక్క సంతకం సరిచూస్తే కింద ఉన్న వేల ప్యాకేజీలు సరిచూసినట్టే. ప్యాకేజీలు పెట్టుకోవడానికి మనం ఆప్ట్ అని కొట్టినప్పుడల్లా లోపల జరిగేది ఇదే.

కాబట్టి ఉబుంటు ఓల్డ్ రిలీజెస్ సర్వర్ నుంచి మీ ల్యాబ్‌లో వాడిన వెర్షన్ల ఇండెక్సులు మాత్రం దించు. ప్యాకేజీలు కాదు, ఇండెక్సులే, చిన్నవి. వాటిలోని హ్యాష్‌లు ఒక లిస్టు చెయ్. హ్యాష్‌డీప్ అనే టూల్‌కి ఆ లిస్టు ఇస్తే కలిసినవి ఇవి, కలవనివి ఇవి అని విడగొట్టి పెడుతుంది.

డెబియన్ ప్యాకేజీలకైతే స్నాప్‌షాట్ సైట్ ఉంది. 2005 నుంచి వచ్చిన ప్యాకేజీలు దాచారు. అక్కడ ప్రతి ఫైలునూ దాని షా-1 ద్వారానే పట్టుకోవచ్చు. షా-1 ఇస్తే ఆ ఫైలు ఏ పేరుతో, ఏ తేదీన, ఏ ఆర్కైవ్‌లో ఉండేదో చెప్తుంది. పేరు పోయిన డెబ్ ఫైలుకి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

మాస్టారు_సిస్టమ్స్ | మంగళవారం, ఉదయం 6:50

ఎండీ5, షా-1 అంటూ ఇంకా వాడుతున్నారేమిటి నాయనా? రెండూ ఎప్పుడో విరిగిపోయాయి. 2004లో చైనా పరిశోధకురాలు వాంగ్ షియావ్‌యున్ బృందం ఎండీ5కి కొలిజన్ (రెండు వేర్వేరు ఫైళ్లకి ఒకే హ్యాష్ రావడం) చూపించింది. 2008లో కొందరు 200 ప్లేస్టేషన్ 3లు పక్కపక్కన పెట్టి, ఎండీ5 బలహీనతతో నకిలీ సర్టిఫికెట్ అథారిటీనే (వెబ్‌సైట్లకి గుర్తింపు సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) తయారుచేసి బెర్లిన్ సదస్సులో చూపించారు. 2012లో బయటపడిన ఫ్లేమ్ మాల్‌వేర్ మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్నట్టు నటించింది కూడా ఎండీ5 కొలిజన్‌తోనే. షా-1 సంగతి 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ సీడబ్ల్యూఐ, గూగుల్ కలిసి తేల్చేశాయి. ఒకే షా-1 ఉన్న రెండు పీడీఎఫ్‌లు పెట్టారు. ఆ రెండిటినీ ఎవరో టెస్టు కోసం వెబ్‌కిట్ అనే బ్రౌజర్ ఇంజిన్ వాళ్లు కోడ్ దాచుకునే సబ్‌వర్షన్ రిపాజిటరీలో వేస్తే ఆ రిపాజిటరీయే పాడైంది. షా-256 తప్ప ఇంకోటి ముట్టుకోవద్దు.

లత_ఫోరెన్సిక్స్ | మంగళవారం, ఉదయం 8:05

మాస్టారూ, మీరు చెప్పిన ప్రతి సంఘటనా నిజమే. కానీ ఈ అబ్బాయి పనికి అది అంత నేరుగా వర్తించదని నా అభిప్రాయం.

ఒకే హ్యాష్ ఉన్న రెండు ఫైళ్లను మనమే కూర్చుని తయారు చేయడం వేరు. ఇప్పటికే ఉన్న ఒక ఫైలు హ్యాష్‌కి సరిపోయేలా ఇంకో ఫైలు తయారు చేయడం వేరు. మొదటిది ఎండీ5లో ఇవాళ మామూలు ల్యాప్‌టాప్‌లో క్షణాల్లో అవుతుంది. రెండోది ఎండీ5కి కూడా ఇంతవరకు ఎవరూ చేసి చూపించలేదు. 2010లో ఉబుంటు వాళ్లు కట్టిన ప్యాకేజీ ఎండీ5, ఈ డిస్క్‌లోని ఫైలు ఎండీ5 కలిశాయంటే, అది ఆ ప్యాకేజీయే. వేరే ఫైలు ఆ హ్యాష్ వేసుకుని రావాలంటే ఆ రెండో పని ఎవరో చేసుండాలి.

ప్రమాదం ఎక్కడంటే, ఫైలు తయారుచేసినవాడే మోసగాడైనప్పుడు. ఒక మంచి ఫైలు, ఒక చెడ్డ ఫైలు జంటగా ఒకే హ్యాష్‌తో చేసి, మంచిదాన్ని లిస్టులోకి ఎక్కించి, చెడ్డదాన్ని మీకు పంపొచ్చు. అందుకని కొత్తగా చేసే లిస్టు ఏదైనా షా-256తోనే చెయ్యాలి, అందులో మీతో ఏకీభవిస్తాను. నిస్ట్ కూడా 2030 డిసెంబరు 31 నాటికి షా-1 వాడకం పూర్తిగా ఆపాలని చెప్పింది. పాత లిస్టులో ఎండీ5 మాత్రమే ఉంటే దాన్ని వదిలేసుకోవడం మాత్రం తెలివైన పని కాదు. ఎండీ5తో పాటు సైజు కూడా కలిపి చూసుకుంటే చాలు.

మాస్టారు_సిస్టమ్స్ | మంగళవారం, ఉదయం 8:30

సరేనమ్మా, పాత ఇండెక్సుల వరకు ఒప్పుకుంటాను. కానీ "కలిసింది" అని రాసేటప్పుడు ఏ హ్యాష్‌తో కలిసిందో పక్కనే రాయించు. రేపు ఇంకొకడు చూసి షా-256 అనుకోకూడదు.

లత_ఫోరెన్సిక్స్ | మంగళవారం, ఉదయం 8:33

తప్పకుండా. అది మంచి మాట.

బెంగళూరు_బావ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

జార్ ఫైళ్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను అందుకుంటున్నాను. జావా లైబ్రరీలు పెట్టే మావెన్ సెంట్రల్ సైట్ సెర్చ్‌లో షా-1 పెట్టి వెతకొచ్చు. ఆ జార్ అక్కడ ఎప్పుడైనా పబ్లిష్ అయి ఉంటే గ్రూపు, ఆర్టిఫాక్ట్, వెర్షన్ మూడూ వస్తాయి. 2021 డిసెంబరులో లాగ్4జే అనే జావా లైబ్రరీలో భద్రతా లోపం బయటపడి గొడవ వచ్చినప్పుడు మా ఆఫీసులో ఊపిరాడకుండా చేసిన పని ఇదే. పేరులో వెర్షన్ లేని జార్‌లు సర్వర్ల నిండా ఉంటే, ఒక్కోదాని హ్యాష్ తీసి ఏది పాతదో ఏది సరిచేసిన 2.17 వెర్షనో పోల్చుకున్నాం.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. చాలామంది డెవలపర్లు తమ ప్రోగ్రామ్‌తో పాటు వాడే లైబ్రరీలన్నీ విప్పి ఒకే పెద్ద జార్‌గా కట్టేస్తారు. పులిహోర కలిపేశాక చింతపండు విడిగా తూకం వేయమన్నట్టు ఉంటుంది. ఆ పెద్ద జార్ హ్యాష్ ప్రపంచంలో ఏ లిస్టులోనూ ఉండదు, ఎందుకంటే అది ఆ కంపెనీలో ఒక్కసారి కట్టింది. అప్పుడు జార్‌ను విప్పి లోపలి క్లాస్ ఫైళ్ల హ్యాష్‌లు చూడాలి. లాగ్4జేలోని జేఎన్‌డీఐ మేనేజర్ అనే క్లాస్ హ్యాష్‌ని బట్టి ఏ వెర్షనో పసిగట్టే స్కానర్లు అప్పుడే వచ్చాయి. అదీ ప్రతిసారీ కుదరదు. కట్టేటప్పుడు ప్యాకేజీ పేరు మార్చేస్తే క్లాస్ ఫైలులోని బైట్లు కూడా మారిపోతాయి.

ఇంకో తమాషా. అప్పట్లో తాత్కాలిక వైద్యంగా జార్‌లోంచి జేఎన్‌డీఐ లుకప్ క్లాస్ ఒక్కటి పీకేయమన్నారు. అలా పీకిన జార్ ప్రమాదం తగ్గినదే, కానీ హ్యాష్ ఏ లిస్టుతోనూ కలవదు. పీకనిది హ్యాష్ చక్కగా కలుస్తుంది, డేంజర్ అదే! హ్యాష్ కలిసిందని సంతోషపడేవాళ్లకి ఈ కథ చెప్తుంటాను.

వైజాగ్_సుబ్బు | మంగళవారం, మధ్యాహ్నం 1:25

బావా, అంటే హ్యాష్ కలిస్తే తలనొప్పి, కలవకపోతే ప్రశాంతత అన్నమాట. నా ఇంటర్ మార్కుల లాగా.

కడప_కుర్రోడు | మంగళవారం, రాత్రి 9:50

దాసు అన్నా, నువ్వు చెప్పినట్టే చేశాను. ఉబుంటు డెబ్ ఫైళ్లలో చాలావరకు ఇండెక్స్‌తో కలిశాయి, పేర్లు కూడా పెట్టేశాను. కానీ కొన్ని డెబ్ ఫైళ్లు ఇన్ఫో అడిగితే పేరు, వెర్షన్ సరిగ్గా చెప్తున్నాయి, అదే వెర్షన్ ఇండెక్స్‌లో కూడా ఉంది, హ్యాష్ మాత్రం కలవట్లేదు. ఎవరైనా మార్చారంటారా?

డెబియన్_దాసు | మంగళవారం, రాత్రి 10:02

సైజు చూశావా? ఇండెక్స్‌లో ఉన్న సైజు ఎంత, నీ ఫైలు సైజు ఎంత?

కడప_కుర్రోడు | మంగళవారం, రాత్రి 10:09

నా ఫైళ్లే పెద్దవిగా ఉన్నాయి. కొన్ని కొంచెమే పెద్దవి.

డెబియన్_దాసు | మంగళవారం, రాత్రి 10:24

అనుకున్నాను. రికవరీ టూల్ డిస్క్‌ను బ్లాకులు బ్లాకులుగా చదువుతూ, గుర్తుపట్టగలిగిన హెడర్ కనబడగానే "ఇక్కడ ఫైలు మొదలైంది" అంటుంది. ఎక్కడ ముగిసిందో అంత కచ్చితంగా అన్నిసార్లూ తెలియదు. చివర పక్క ఫైలు ముక్కో, సున్నాలో అంటుకుని వస్తాయి. ఒక్క బైటు ఎక్కువైనా హ్యాష్ మొత్తం మారిపోతుంది. "దాదాపు అదే ఫైలు" అనే మాట ఈ లెక్కలో ఉండదు.

ఇండెక్స్‌లో అసలు సైజు ఉంది కదా. హెడ్ కమాండ్‌తో ఫైలు మొదటి నుంచి సరిగ్గా అన్ని బైట్లే కోసి, వేరే ఫోల్డర్‌లో పెట్టి, మళ్లీ హ్యాష్ తియ్. అసలు ఫైలు మీద మాత్రం చెయ్యి పెట్టకు.

కడప_కుర్రోడు | మంగళవారం, రాత్రి 11:15

కలిశాయి అన్నా! కొన్ని తప్ప మిగతావన్నీ కలిశాయి. నాకు ఇది మ్యాజిక్ లాగా ఉంది.

డెబియన్_దాసు | మంగళవారం, రాత్రి 11:21

ఆ మిగిలిన కొన్ని డిస్క్‌లో ముక్కలుగా చెదిరి ఉండేవి అయ్యుంటాయి. మధ్యలో వేరే ఫైలు బ్లాకులు చేరితే ఎంత కోసినా కలవదు. విప్పబోతే ఎర్రర్ వస్తుంది చూడు. అలాంటివి తీసేయొచ్చు, పేరు తెలిసింది కదా, కావాలంటే ఓల్డ్ రిలీజెస్ నుంచి కొత్తగా దించుకో.

న్యూజెర్సీ_నాగు | బుధవారం, ఉదయం 7:40

ఇక్కడ రాత్రి, నిద్ర పట్టక చదువుతున్నాను. సోర్స్ కోడ్ టార్ ఫైళ్లు (చాలా ఫైళ్లను ఒక్కటిగా కట్టినవి) ఏమైనా ఉంటే వాటి గురించి రెండు మాటలు.

టార్ జీజెడ్ ఫైలు హ్యాష్ కలవలేదంటే లోపలి కోడ్ మారిందని అర్థం కాదు. 2023 జనవరి 30న కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ తాము వాడే గిట్ (కోడ్ మార్పులు రాసిపెట్టే టూల్) వెర్షన్ మార్చింది. కొత్త దాంట్లో కంప్రెస్ చేసే పద్ధతి వేరు. దాంతో అక్కడ అప్పటికప్పుడు తయారయ్యే సోర్స్ ఆర్కైవ్‌ల హ్యాష్‌లన్నీ మారిపోయాయి. లోపల ఒక్క అక్షరం మారలేదు, పైన చుట్టిన కాగితమే మారింది. హ్యాష్‌లు రాసిపెట్టుకుని సరిచూసే బిల్డ్ సిస్టమ్‌లు ప్రపంచమంతా ఆగిపోయాయి. గంటల్లోనే వెనక్కి తిప్పారు. ఆ రోజు ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్ల బాధ చెప్పనలవి కాదు. అందుకని టార్ విప్పి లోపలి ఫైళ్ల హ్యాష్‌లు చూడటం మేలు. ఫ్రాన్స్‌లో మొదలైన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ ఆర్కైవ్‌లో ఒక్క సోర్స్ ఫైలు హ్యాష్ ఇచ్చినా తమ దగ్గరుందో లేదో చెప్తారు. అక్కడ ఒక మెలిక. గిట్ లెక్కించే షా-1, మామూలు షా-1 ఒకటి కావు. గిట్ ఫైలుకి ముందు "బ్లాబ్" అనే మాట, సైజు చేర్చి హ్యాష్ తీస్తుంది. ఏది అడుగుతున్నారో చూసుకుని ఇవ్వండి.

రెండోది ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్ కథ. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని మెషీన్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 టార్ ఫైళ్లలో బ్యాక్‌డోర్ (రహస్యంగా లోపలికి రావడానికి పెట్టిన దొంగదారి) బయటపడింది. ఆ టార్ ఫైళ్లకి ప్రాజెక్ట్ నిర్వాహకుడి అసలు సంతకమే ఉంది. హ్యాష్ కూడా చక్కగా కలిసేది. పెట్టినవాడే నిర్వాహకుడు కాబట్టి! బ్యాక్‌డోర్‌ను నడిపించే స్క్రిప్ట్ టార్‌లో ఉంది, గిట్ రిపాజిటరీలో లేదు. టార్ లోపలి ఫైళ్ల హ్యాష్‌లు, గిట్‌లోని ఫైళ్ల హ్యాష్‌లు ఎవరైనా పక్కపక్కన పెట్టి చూసుంటే ఆ తేడా కనబడేది. అయితే కట్టిన టార్‌లో గిట్‌లో లేని ఫైళ్లు కొన్ని ఉండటం ఆ రకం ప్రాజెక్టుల్లో మామూలే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

హనుమకొండ_అడ్వొకేట్ | బుధవారం, ఉదయం 10:30

నేను టెక్నికల్ మనిషిని కాను. కొత్త సాక్ష్య చట్టంలో హ్యాష్ అడుగుతున్నారు కదా, ఈ చర్చలో చెప్పిందీ అదీ ఒకటేనా?

లత_ఫోరెన్సిక్స్ | బుధవారం, ఉదయం 11:12

లెక్క ఒకటే సార్, వాడే పని వేరు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. దాని నమూనాలో హ్యాష్ విలువ, ఏ పద్ధతిలో తీశారో రాసే గడులు ఉన్నాయి. షా-1, షా-256, ఎండీ5 మూడూ ఉన్నాయి, "ఇతరాలు" అని కూడా ఉంది. పార్ట్ ఏ డివైజ్ ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లు, పార్ట్ బీ నిపుణులు నింపాలి.

అక్కడ హ్యాష్ చెప్పేది "ఆ రోజు తీసిన కాపీ ఇదే, తర్వాత మారలేదు" అని. ఆ ఫైలు ఎవరిదో, అందులో ఉన్నది నిజమో కాదో చెప్పదు. ఈ చర్చలో మనం చేస్తున్నది బయట అందరికీ తెలిసిన ఫైలుతో పోల్చడం. మీ క్లయింట్ల కేసుల్లో నా సలహా షా-256 గడి టిక్ చేయించమని.

వేదిక_నిర్వాహకుడు | బుధవారం, మధ్యాహ్నం 12:00

చర్చ బాగుంది, కొనసాగించండి. ఒక మనవి: ఎవరూ ఎక్జీ ఫైళ్లు ఇక్కడ అటాచ్ చేయొద్దు. హ్యాష్ మాత్రమే పెట్టండి.

కడప_కుర్రోడు | గురువారం, రాత్రి 8:45

అప్‌డేట్. డెబ్, జార్ పని దాదాపు అయిపోయింది. ఎక్జీలు మిగిలాయి. హ్యాష్‌లుకప్‌లో కొన్ని దొరికాయి, మిగతావి వైరస్‌టోటల్ అనే వైరస్ స్కానింగ్ సైట్‌లో హ్యాష్‌తో వెతికాను. కొన్నిటికి ఫలితమే రాలేదు. ఫలితం లేదంటే క్లీన్ అనుకోవచ్చా?

ఇంకోటి. ఒకే ప్రింటర్ డ్రైవర్ సెటప్ రెండు ఉన్నాయి. వెర్షన్ ఒకటే, హ్యాష్‌లు వేరు. ఒకటి సైజులో కొంచెం పెద్దది.

లత_ఫోరెన్సిక్స్ | గురువారం, రాత్రి 9:30

ఫలితం లేదంటే ఆ ఫైలును అక్కడ ఎవరూ ఎప్పుడూ అప్‌లోడ్ చేయలేదని అర్థం. అంతే. మంచిదని కాదు, చెడ్డదని కాదు. నువ్వు అప్‌లోడ్ చేయాలనుకుంటే ఒక్క క్షణం ఆగు. అక్కడ పెట్టిన ఫైలు సెక్యూరిటీ కంపెనీలు దించుకోగలవు. డ్రైవర్ అయితే పర్లేదు. కాలేజీ వాళ్లు రాయించుకున్న ప్రోగ్రామ్, అందులో పాస్‌వర్డ్‌లు గానీ విద్యార్థుల వివరాలు గానీ ఉంటే మాత్రం వద్దు.

డ్రైవర్ సంగతి: ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ రెండిటికీ ఉందా చూడు. ఒకదానికి సంతకం ఉండి ఇంకోదానికి లేకపోతే హ్యాష్‌లు వేరుగానే వస్తాయి. విండోస్ ఎక్జీలకి ఆథెంటికోడ్ హ్యాష్ అని ఇంకో లెక్క ఉంది. సంతకం పెట్టాక మారే భాగాలను, అంటే సంతకాన్ని, దాని చోటు చెప్పే ఎంట్రీని, చెక్‌సమ్ గడిని వదిలేసి మిగతాదానికి మాత్రమే హ్యాష్ తీస్తారు. ఆ రెండు ఫైళ్లకీ అది కలిస్తే లోపలి సరుకు ఒకటే. సంతకం ఉన్నదాన్నే ఉంచుకో.

అది కూడా కలవకపోతే ఎస్‌ఎస్‌డీప్ లాంటి పోలిక హ్యాష్ తీసి చూడు. రెండు ఫైళ్లు ఎంత దగ్గరగా ఉన్నాయో సున్నా నుంచి వంద వరకు స్కోరు ఇస్తుంది. అది దారి చూపిస్తుంది గానీ రుజువు కాదు.

కడప_కుర్రోడు | శుక్రవారం, రాత్రి 9:05

మేడమ్, మీరు చెప్పినట్టే ఒకదానికి సంతకం ఉంది, రెండోదానికి లేదు. ఆథెంటికోడ్ హ్యాష్ కలిసింది.

చివరికి ఒక గుట్ట మిగిలింది. ఎక్కడా దొరకనివి. తెరిచి చూడకుండా వెర్షన్ సమాచారం మాత్రం చదివితే చాలావరకు మన తెలుగువాళ్ల సరుకే. పాత తెలుగు ఫాంట్ల ఇన్‌స్టాలర్లు, టైపింగ్ కీబోర్డ్ డ్రైవర్లు, ఫాంట్ కన్వర్టర్లు, ఎవరో లోకల్‌గా రాసిన అటెండెన్స్ ప్రోగ్రామ్. నిస్ట్ వాళ్లకి ఇవి ఎలా చేరతాయి? తీసెయ్యాలంటే మనసు రావట్లేదు, ఉంచాలంటే నమ్మకం లేదు.

మాస్టారు_సిస్టమ్స్ | శుక్రవారం, రాత్రి 9:40

తీసెయ్యకు నాయనా! ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడాక్ వాళ్లు అప్పట్లో ఉచితంగా పంచిన తెలుగు ఫాంట్లు, టూల్స్ సీడీ నా బీరువాలో భద్రంగా ఉంది. డీటీపీ సెంటర్లు నడిపినవాళ్ల దగ్గర ఇంకా చాలా ఉంటాయి. ఒరిజినల్ సీడీలున్నవాళ్లు వాటి హ్యాష్‌లు ఇక్కడ పెడితే ఈ అబ్బాయి పోల్చుకుంటాడు. లిస్టు ఎవరో చేసి పెట్టేదాకా కూర్చోవడం ఎందుకు, మనమే చేద్దాం.

వైజాగ్_సుబ్బు | శుక్రవారం, రాత్రి 9:52

మా నాన్న డీటీపీ షాపు నడిపేవారు. అటక మీద ఒక పెట్టె సీడీలున్నాయి. ఆదివారం దించుతాను. ఈసారి జోక్ కాదు.

లత_ఫోరెన్సిక్స్ | శుక్రవారం, రాత్రి 10:20

మంచి ఆలోచన. కానీ ఉత్త హ్యాష్ పెడితే ఏడాది తర్వాత మనకే అర్థం కాదు. ఫైలు పేరు, సైజు బైట్లలో, షా-256, పాత లిస్టులతో పోల్చుకోవడానికి షా-1 కూడా, ఏ సీడీ, సీడీ మీద అచ్చయిన పేరు, ఏడాది, కంపెనీ ప్రెస్ చేసిందా ఇంట్లో రైట్ చేసిందా అన్నది రాయండి. రైట్ చేసిన సీడీ అయితే "మూలం తెలియదు" అని పెట్టండి. సంబంధం లేని ఇద్దరి దగ్గర నుంచి ఒకే హ్యాష్ వస్తే అప్పుడు "రెండు చోట్ల కలిసింది" అని మారుద్దాం. "సేఫ్" అనే గడి మాత్రం లిస్టులో పెట్టొద్దు.

విండోస్‌లో తీసేవాళ్లు పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ వాడండి, ఏమీ చెప్పకపోతే షా-256యే ఇస్తుంది. మ్యాక్‌లో షాసమ్ (256 అని ఆప్షన్ ఇవ్వాలి, లేకపోతే షా-1 ఇస్తుంది), లినక్స్‌లో షా256సమ్.

మాస్టారు_సిస్టమ్స్ | శుక్రవారం, రాత్రి 10:31

సీడీ మొత్తం ఇమేజ్ తీసి దానికి ఒక్క హ్యాష్ ఇస్తే సరిపోదా అమ్మా? ఒక్కో ఫైలుకి తీయాలంటే నా కళ్లజోడు సరిపోదు.

డెబియన్_దాసు | శుక్రవారం, రాత్రి 10:38

ఇమేజ్ ఒక్కటే వద్దు మాస్టారూ. చదివే డ్రైవును బట్టి చివర ప్యాడింగ్ తేడా రావచ్చు, అప్పుడు ఒకే సీడీకి మీకొక హ్యాష్, సుబ్బుకొక హ్యాష్ వస్తాయి. పైగా తమ్ముడి దగ్గరున్నవి సీడీలు కావు, సీడీ లోపలి ఫైళ్లు. లోపలి ఫైళ్లవే కావాలి. హ్యాష్‌డీప్‌కి సీడీ డ్రైవ్ చూపిస్తే అన్ని ఫోల్డర్లూ తనే తిరిగి లిస్టు రాసేస్తుంది, మీరు కాఫీ తాగొచ్చేలోపు అయిపోతుంది. కమాండ్ మీకు మెసేజ్ చేస్తాను.